వేట రైఫిల్ మీద స్క్రూ తల: గాడి ఉండాలా, నక్షత్రం ఉండాలా?

కస్టమ్ వేట రైఫిల్ చేయించుకోవడం నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి సాగే వ్యవహారం. అక్రోటు దుంగ ఎంపిక, గొట్టం పొడవు, ట్రిగ్గర్ బరువు, స్టాక్ (తుపాకీ చెక్క భాగం) మీద నగిషీ, ఇవన్నీ తేలాక గన్‌స్మిత్ (తుపాకులు చేసే పనివాడు) ఇంకో ప్రశ్న అడుగుతాడు. స్క్రూలకు పాత పద్ధతిలో ఒకటే గాడి కొయ్యమంటారా, లేక అలెన్ (ఆరు పలకల గుంట), టార్క్స్ (నక్షత్రం గుంట) తలలు పెట్టమంటారా? అమెరికా, ఇంగ్లండ్ వేటగాళ్లలో ఈ ఒక్క ప్రశ్న మీద జరిగే వాదులాట తూటా ఎంపిక మీద జరిగేదానికి ఏమాత్రం తీసిపోదు. కొందరికి మంచి రైఫిల్ మీద నక్షత్రం గుంట కనిపిస్తే అపచారం. మరికొందరికి గాడి స్క్రూ అంటే తాతల కాలపు మొండితనం.

రెండు పక్షాలదీ ఒకే పొరపాటు. రైఫిల్ మొత్తానికి ఒకే రకం తల ఉండాలన్నట్టు మాట్లాడతారు. నిజానికి ఒక బోల్ట్ యాక్షన్ (చేత్తో కడ్డీ లాగి తూటా ఎక్కించే) రైఫిల్‌లో స్క్రూలు చేసే పనులు వేరు వేరు. ట్రిగ్గర్ గార్డు దగ్గర కింద నుంచి చెక్క స్టాక్ గుండా పైకి వెళ్లి రిసీవర్‌ను (గొట్టం వెనుక, పేల్చే యంత్రాంగం ఉండే ఉక్కు భాగాన్ని) పట్టుకునేవి గార్డు స్క్రూలు. జర్మన్ రైఫిల్ మౌజర్ 98లో ఇవి రెండు, అమెరికన్ రైఫిల్ వించెస్టర్ మోడల్ 70లో మూడు. రిసీవర్ పైన స్కోప్ (గురి చూసే దుర్భిణి) బేస్‌ను పట్టుకునేవి చిన్నవి. ఆ బేస్ మీద స్కోప్‌ను పట్టే రింగులను బిగించేవి ఇంకొన్ని. ఇక బట్ ప్లేటుకూ, గ్రిప్ కింది మూతకూ ఉండేవి మామూలు చెక్క స్క్రూలే. ఏ స్క్రూ ఎక్కడుంది, దాన్ని ఎవరు విప్పుతారు, ఎన్నిసార్లు విప్పుతారు అన్నది చూసుకుంటే సగం వాదన అక్కడే తీరిపోతుంది.

ముందు ఒక అపోహ సంగతి. 'టార్క్స్ స్క్రూ బలమైనది' అని చాలామంది అంటారు. స్క్రూ బలం దాని కాండంలో, మరల్లో (కాండం చుట్టూ తిరిగే గట్లలో), ఉక్కు రకంలో ఉంటుంది. తల మీది గుంట మనం తిప్పడానికి ఇచ్చిన పట్టు మాత్రమే. గిలక కొత్తదైనంత మాత్రాన బావిలో నీళ్లు పెరగవు. స్క్రూను బిగించినప్పుడు కాండం సూక్ష్మంగా సాగుతుంది. సాగిన ఉక్కు వెనక్కి లాగడంతో రెండు భాగాలూ ఒకదానికొకటి గట్టిగా ఒత్తుకుంటాయి. తుపాకీ వెనక్కి తన్నినప్పుడు భాగాలు జారకుండా ఆపేది ఆ ఒత్తిడి వల్ల పుట్టే రాపిడే. కాబట్టి అడగాల్సింది ఇది: కావలసినంత బిగింపును, తల పాడవకుండా, ప్రతిసారీ ఒకేలా ఇవ్వగలిగేది ఏ తల?

ఇక్కడే గాడి స్క్రూకు చెడ్డపేరు వచ్చింది. ఆ చెడ్డపేరులో పెద్ద వాటా స్క్రూడ్రైవర్‌ది. మన ఇళ్లలో ఉండే మైనస్ స్క్రూడ్రైవర్ కొన చీలలా ఉంటుంది, కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది. గాడి గోడలేమో నిటారుగా ఉంటాయి. తిప్పినప్పుడు ఆ చీల గాడి పై అంచులకు మాత్రమే తగులుతుంది. బలమంతా రెండు సన్నటి అంచుల మీద పడుతుంది, పైగా వాలు వల్ల కొన పైకి ఎగదన్నుకొస్తుంది. అంచు చిట్లుతుంది, కొన జారి పక్కనున్న నగిషీ మీద గీత పెడుతుంది. తుపాకుల పనికి వాడే బిట్ల (స్క్రూడ్రైవర్ పిడికి తగిలించే మార్చుకునే కొనల) చివర అలా ఉండదు. రెండు వైపులా లోపలికి గుండ్రంగా సానబట్టి, చివర భాగం గోడలకు సమాంతరంగా ఉండేలా చేస్తారు. మందం గాడిని నింపాలి, వెడల్పు స్క్రూ తల వ్యాసానికి దాదాపు సరిపోవాలి, అయితే తల దాటి బయటికి రాకూడదు. అమెరికాలో బ్రౌనెల్స్ లాంటి కంపెనీలు ఇలాంటి బిట్లను పదుల సైజుల్లో అమ్ముతాయి. బ్రిటిష్ తుపాకుల స్క్రూల మీది గాళ్లు (గాడులు) మరీ సన్నంగా ఉంటాయి కాబట్టి వాటి కోసం బిట్‌ను ప్రత్యేకంగా అరగదీసుకోవాల్సి వస్తుంది. ఇలా అమర్చిన బిట్‌తో గాడి స్క్రూను కూడా టార్క్ రెంచ్ (కొలిచిన బలంతో బిగించే పనిముట్టు) పెట్టి నిశ్చింతగా బిగించవచ్చు. ఈ సంగతి తెలియనివాళ్లే గాడిని తిడతారు.

గాడి స్క్రూకు అంత అభిమానం ఎందుకో అర్థం కావాలంటే అది తయారయ్యే తీరు చూడాలి. లండన్‌లోని పర్డీ, హాలండ్ అండ్ హాలండ్, రిగ్బీ, బర్మింగ్‌హామ్‌లోని వెస్ట్లీ రిచర్డ్స్ లాంటి పనితనపు తుపాకులను తిరగేసి చూస్తే ట్రిగ్గర్ గార్డు మీది స్క్రూ గాళ్లన్నీ గొట్టానికి సమాంతరంగా, ఒకే వరుసలో ఉంటాయి. దుకాణంలో కొన్న స్క్రూను బిగిస్తే గాడి ఎటు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే పనివాడు స్క్రూ తలను కావలసినదానికంటే ఎత్తుగా ఉంచి, తాత్కాలికంగా తిప్పేందుకు వీలు కల్పించుకుని, చివరి బిగింపు వరకూ బిగిస్తాడు. అక్కడ గొట్టం దిశలో గీత గీస్తాడు. విప్పి, సన్నటి ఆకురాయితో ఆ గీత మీద గాడి కోస్తాడు. మళ్లీ బిగించి, మిగిలిన ఎత్తును చుట్టూ ఉన్న లోహంతో సమానంగా రాస్తాడు. చేతి వేలితో తడిమితే స్క్రూ ఎక్కడ మొదలైందో తెలియకూడదు. ఆ తర్వాత నగిషీ చెక్కేవాడు ఫ్లోర్ ప్లేటు (ట్రిగ్గర్ గార్డు ముందున్న కింది రేకు) మీది తీగను స్క్రూ తల మీదుగా నడిపిస్తాడు. ఇక ఆ స్క్రూ ఆ ఒక్క రంధ్రంలో, ఆ ఒక్క కోణంలోనే సరిపోతుంది. చివరికి ఉక్కును గట్టిపరచడం, నీలం పూత.

ముందే గాడి ఉన్న స్క్రూను వరుసలోకి తేవాలంటే తల కింది భాగాన్ని కొద్దికొద్దిగా అరగదీయాలి. లెక్క సూటిగానే ఉంటుంది. మౌజర్ 98 గార్డు స్క్రూకు అంగుళానికి 22 మరలు, అంటే ఒక పూర్తి చుట్టుకు స్క్రూ 1.155 మిల్లీమీటర్లు దిగుతుంది. గాడి ఇంకా 45 డిగ్రీలు తిరగాలంటే తల 0.144 మిల్లీమీటర్లు లోతుగా కూర్చోవాలి. మామూలు కాగితం ఒకటిన్నర మందం. కొంచెం ఎక్కువ అరిగిందా, గాడి వరుస దాటిపోతుంది. వెనక్కి తేవడానికి ఉపాయం లేదు. ఇంకో స్క్రూ తెచ్చుకోవాల్సిందే. ఒక్క రైఫిల్‌కు ఈ పని గంటల కొద్దీ తీసుకుంటుందంటే ఆశ్చర్యమేముంది.

దీన్ని కేవలం సోకు అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. వరుసలో ఉన్న గాడి ఒక గుర్తు కూడా. ఉదయం వేటకు బయల్దేరే ముందు రైఫిల్‌ను తిరగేసి చూస్తే చాలు, స్క్రూ కదిలిందో లేదో తెలిసిపోతుంది. టార్క్స్ గుంట 60 డిగ్రీలు తిరిగినా చూడటానికి అలాగే ఉంటుంది. ఆరు కొమ్మలూ ఒకే తీరు కాబట్టి దాని మీద విడిగా రంగు గీత పెట్టుకోవాలి, చాలామంది పెట్టుకోరు.

అయితే చెక్క ఈ గుర్తును కూడా మోసం చేస్తుంది. అక్రోటు చెక్క తేమను పీలుస్తుంది, వదులుతుంది. స్కాట్లండ్ కొండల తడిలో ఉబ్బిన స్టాక్ టెక్సస్ పొడి గాలిలో కుంచించుకుపోతుంది. స్క్రూ కదలకపోయినా దాని కింద చెక్క తగ్గితే బిగింపు పోతుంది. మళ్లీ బిగిస్తే గాడి వరుస దాటుతుంది. అప్పుడు యజమానికి రెండే దారులు: అందంగా వరుసలో వదులుగా వదిలేయడం, లేదా వంకరగా గట్టిగా బిగించడం. మొదటి దారి పట్టినవాడి తూటాలు బోర్డు మీద చెల్లాచెదురుగా పడతాయి. ఈ చిక్కు మౌజర్ కంపెనీకి 1898లోనే తెలుసు. సైనిక రైఫిల్ వెనుక స్క్రూ చుట్టూ ఉక్కు గొట్టం ముక్క ఒకటి పెట్టారు. రిసీవర్‌కూ గార్డుకూ మధ్య దూరాన్ని చెక్క కాకుండా ఆ ముక్క నిర్ణయిస్తుంది. గార్డు స్క్రూల తలల అంచున చిన్న నొక్కులు కోసి, పక్కనే బుల్లి తాళం స్క్రూలు బిగించారు, యుద్ధరంగంలో అవి తిరిగి ఊడిపోకుండా. ఈనాటి గన్‌స్మిత్ స్టాక్‌లో రెండు చోట్లా లోహపు స్తంభాలు దించి, చుట్టూ ఎపాక్సీ (గట్టిపడే జిగురు) పోస్తాడు. అలా చేసిన స్టాక్‌లో లోహం లోహాన్నే ఒత్తుతుంది, చెక్క ఉబ్బినా తగ్గినా గాడి దాదాపు కదలదు. కాబట్టి వరుస గాళ్లు కావాలనుకునేవాడు ముందు స్తంభాలకు డబ్బు పెట్టాలి. అవి లేని వట్టి చెక్కలో వరుస గాళ్లు రెండు చలికాలాలు నిలిస్తే గొప్పే.

ఇప్పుడు గుంట తలల వైపు వద్దాం. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌కు చెందిన విలియం అలెన్ 1910లో ఆరు పలకల గుంట స్క్రూల తయారీకి పేటెంట్ పొందాడు, మన అలెన్ కీ పేరు అక్కణ్నుంచే. ప్లస్ తల 1930ల్లో కార్ల ఫ్యాక్టరీల కోసం హెన్రీ ఫిలిప్స్ తెచ్చింది, బలం ఎక్కువైతే బిట్ పైకి జారిపోతుంది. మంచి రైఫిల్ మీద దానికి చోటు లేదు, దాని గురించి ఇంతకు మించి చెప్పనక్కర్లేదు. టెక్స్‌ట్రాన్ కంపెనీకి చెందిన కామ్‌కార్ విభాగం 1967లో టార్క్స్ తెచ్చింది. మొబైల్ రిపేరు షాపుల్లో స్టార్ బిట్ అనేది దీన్నే.

అలెన్ గుంటలో అలెన్ కీ మూలలు గుంట గోడలకు బాగా ఏటవాలుగా తగులుతాయి. తిప్పే బలంలో పెద్ద భాగం గుంటను బయటికి చీల్చడానికే ఖర్చవుతుంది. పెద్ద బోల్టుల్లో ఇది లెక్కలోకి రాదు. గార్డు స్క్రూల సైజు వరకూ కూడా అలెన్ బాగానే పనిచేస్తుంది, రెమింగ్టన్ 700 కూడా పాత గాడి స్క్రూలను వదిలి తర్వాత అలెన్‌కే మారింది. చిన్న స్క్రూల్లో మాత్రం కీ కొంచెం అరిగిందంటే గుంట గుండ్రంగా మారిపోతుంది. టార్క్స్ కొమ్మల గోడలు దాదాపు తిప్పే దిశకు ఎదురుగా నిలబడతాయి. అలెన్‌లో 60 డిగ్రీలుండే ఆ ఏటవాలు టార్క్స్‌లో 15 డిగ్రీలే. బలం చీల్చడానికి కాక తిప్పడానికి పోతుంది. బిట్ పైకి ఎగదన్నదు, దాన్ని కిందికి నొక్కిపట్టే అవసరమూ పెద్దగా ఉండదు.

ఈ తేడా ఎక్కడ పనికొస్తుందంటే, స్కోప్ కింద. చాలా అమెరికన్ రైఫిళ్లలో బేస్ స్క్రూలు 6-48 సైజువి. కాండం వ్యాసం 3.5 మిల్లీమీటర్లు, అంగుళానికి 48 సన్నటి మరలు. తల కూడా అంతే బుల్లిది. దాన్ని దాదాపు 20 ఇంచ్-పౌండ్లకు, అంటే రెండు న్యూటన్ మీటర్లకు కాస్త పైన బిగించాలి. అంత చిన్న తల మీద గాడి కోస్తే మిగిలే ఉక్కు ఎంత? ఇక అది మోయాల్సిన భారం చూడండి. .375 హాలండ్ అండ్ హాలండ్ తూటా పేలినప్పుడు నాలుగున్నర కిలోల రైఫిల్ సుమారు రెండు మిల్లీసెకన్లలో సెకనుకు నాలుగున్నర మీటర్ల వేగం అందుకుంటుంది. అరకిలో స్కోప్ ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. దాన్ని వెనక్కి లాక్కెళ్లడానికి బేస్ మీద పడే బలం వంద కిలోలు వేలాడదీసినదానికి తక్కువ ఉండదని చేతి లెక్కలోనే తేలుతుంది. ఇదే బలం ప్రతి పేలుడుకూ. బిగింపు చాలకపోతే బేస్ వెంట్రుకవాసి జరుగుతుంది, అప్పుడు ఆ రాపిడి పోయి భారం నేరుగా సన్నటి కాండాల మీద కోతగా పడుతుంది. పెద్ద తుపాకులకు బేస్ రంధ్రాలను 8-40 సైజుకు పెంచడం గన్‌స్మిత్‌లు మామూలుగా చేసే పని, అక్కడ కాండం 4.2 మిల్లీమీటర్లవుతుంది. తల ఏదన్న వాదన కంటే ఈ మార్పు ఎన్నో రెట్లు పనికొస్తుంది, ఖర్చూ తక్కువే. దీని గురించి ఎవరూ గొంతు చించుకోరెందుకో నాకు అర్థం కాదు.

ఈ బేస్ స్క్రూలు ఒకసారి బిగించాక స్కోప్ కింద దాక్కుంటాయి. ఎవరూ చూడరు, నగిషీ ఉండదు. అందం కోసం అక్కడ గాడి పెట్టించడంలో నాకు అర్థం కనిపించదు. నేడు స్కోప్ మౌంట్ల కంపెనీలు ఎక్కువగా టీ15 సైజు టార్క్స్ ఇస్తున్నది ఊరికే కాదు. రింగుల మీది స్క్రూలు బయటికి కనిపిస్తాయి కాబట్టి అక్కడ కొంత వాదించవచ్చు. కానీ స్కోప్ మార్చినప్పుడల్లా విప్పేవి కూడా అవే. ఎక్కువసార్లు విప్పే చోట టార్క్స్ ఉండటమే క్షేమం. సంప్రదాయం కావాల్సిందేనంటే రిసీవర్ ఉక్కులోనే బేస్ ఆకారాన్ని చెక్కించుకోవచ్చు. పెద్ద మౌజర్ రిసీవర్లలో ఇలాంటి చదరపు దిమ్మలు ఉండేవి. అక్కడ బేస్ స్క్రూ అనేదే ఉండదు. డబ్బుంటే ఇంతకు మించిన పరిష్కారం లేదు.

టార్క్స్‌కు తనవైన కష్టాలున్నాయి. గుంటలో బురద, మైనం, స్టాక్‌కు పూసే నూనె చేరి గట్టిపడతాయి. పైపైన శుభ్రం చేసి బిట్ పెడితే అది అడుగు దాకా దిగదు. సగం లోతులో తిప్పితే నక్షత్రం కాస్తా గుండ్రమవుతుంది. గాడిలోని మట్టిని ముల్లుతో గీకి తీయవచ్చు, గాడి అంచు దెబ్బతింటే ఆకురాయితో సరిచేసుకోవచ్చు. టాంజానియా వేట క్యాంపులో గార్డు స్క్రూ వదులైతే కత్తి మొనతోనైనా దాన్ని తాత్కాలికంగా బిగించుకోవచ్చు, అందంగా ఉండదన్న మాటేగానీ. గుండ్రమైపోయిన టార్క్స్‌ను చివరికి డ్రిల్లుతో తొలచాలి, రిసీవర్ మరలు బతకాలని దేవుడికి మొక్కుకోవాలి. టీ15, టీ20 దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి పక్క సైజు బిట్ 'దాదాపు' పట్టేసి మోసం చేస్తుంది కూడా.

బిగింపు అంకెల్లో కూడా తలకంటే స్టాక్‌దే పైచేయి. లోహపు స్తంభాలున్న స్టాక్‌లో గార్డు స్క్రూలను 65 ఇంచ్-పౌండ్ల దాకా బిగిస్తారు. వట్టి చెక్కలో 35 నుంచి 40 దగ్గర ఆగాలి, లేదంటే చెక్క నారలు నలిగిపోతాయి. వించెస్టర్ మోడల్ 70 మధ్య స్క్రూను అసలు గట్టిగా బిగించకూడదు. దాని పైన రిసీవర్‌కు ఆధారం లేదు కాబట్టి గట్టిగా లాగితే రిసీవరే వంగుతుంది. ఆ స్క్రూ గాడి కూడా మిగతావాటితో వరుసలో ఉండాలని పట్టుబట్టే కొనుగోలుదారు తెలిసో తెలియకో ఆ బిగింపును పెంచమంటున్నాడు. మంచి పనివాడు తల కింద ఇంకొంచెం అరగదీసి ఊరుకుంటాడు, చెడ్డవాడు తిప్పేస్తాడు.

మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని తర్వాతి సవరణలతో వేట దాదాపు ముగిసింది. అయినా ఈ చర్చ మనకు పూర్తిగా పరాయిది కాదు. సంస్థానాధీశులు, జమీందార్లు లండన్ నుంచి తెప్పించుకున్న రైఫిళ్లలో కొన్ని ఆయుధ చట్టం కింద లైసెన్సుతో ఇప్పటికీ వారసుల దగ్గరున్నాయి. అలాంటి తుపాకీ విలువ కట్టేవాడు మొదట చూసేది గొట్టాన్ని కాదు, స్క్రూ గాళ్లను. అంచులు చిట్లి ఉంటే, సరైన పనిముట్టు లేనివాడు లోపల చెయ్యి పెట్టాడని అర్థం, లోపల ఇంకేం చేశాడోనన్న అనుమానంతో ధర పడిపోతుంది. అలాంటి రైఫిల్ ఇంట్లో ఉంటే మైనస్ స్క్రూడ్రైవర్ దాని దరిదాపులకు రానివ్వకండి. పాడైన గాడి స్థానంలో టార్క్స్ స్క్రూ పెట్టించడం మాత్రం ఇంకా పెద్ద తప్పు, పాత స్క్రూను ఒక పొట్లంలో కట్టి దాచినా సరే.

హైదరాబాద్‌లోనో పుణెలోనో పోటీ షూటింగ్ చేసే పిల్లలను అడిగితే వాళ్లు అసలీ గొడవేంటని నవ్వుతారు. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పెట్టెలోనే అలెన్ కీలు ఉంటాయి, బట్ నుంచి సైట్ దాకా రోజూ ఏదో ఒకటి సర్దుకుంటూ ఉండాలి కాబట్టి. అక్కడ గాడి స్క్రూ పెడితే వారంలో తల చిట్లుతుంది. పని మారితే తల మారుతుంది.

కొత్త రైఫిల్ చేయించుకునేవాడు నన్నడిగితే, కింద గార్డు స్క్రూలకు గాడి, అది కూడా స్తంభాలు దించిన స్టాక్‌లో. పైన బేస్‌కూ రింగులకూ టార్క్స్. రైఫిల్ తయారవుతున్నన్ని రోజులూ చాలామంది గన్‌స్మిత్‌లు అలెన్ తలల పని స్క్రూలు వాడతారు. స్టాక్ అమర్చేటప్పుడు వాటిని లెక్కలేనన్నిసార్లు విప్పి బిగించాలి, అసలు స్క్రూలను చివర్లోనే పెడతారు. ఆ పని స్క్రూలను పారేయకుండా ఇవ్వమనండి. వానలో తిరిగే యాత్రలకు అవే పెట్టుకుని, నగిషీ స్క్రూలను ఇంట్లో ఉంచుకోవచ్చు. గార్డు గాళ్లకు సరిపడా అరగదీసిన బిట్‌ను కూడా అడిగి తీసుకోండి. రైఫిల్ ధరలో అది చిల్లర.

బేస్ స్క్రూల మరలకు పూసే జిగురు గురించి ఒక మాట. నీలం రకం లాక్‌టైట్ చాలు, చేతి పనిముట్టుతో విప్పొచ్చు. ఎరుపు రకానికి రెండు వందల డిగ్రీలకు పైగా వేడి చూపించాలి. పాత రైఫిల్ కొన్నప్పుడు లోపల ఏది పూశారో పైకి తెలియదు. బేస్ స్క్రూ మొరాయిస్తే బలం పెంచకండి. స్క్రూ తలకు సోల్డరింగ్ ఐరన్ కొనను ఒకట్రెండు నిమిషాలు ఆనించి ఉంచి, వేడి ఆరకముందే బిట్‌ను అడుగు దాకా దించి, మొదట బిగించే వైపు కొద్దిగా కదిపి, ఆ తర్వాతే విప్పే వైపు తిప్పండి.